14,000 సైటేషన్లున్న గైడ్ దగ్గర చేరాలా? యల్లాప్రగడ సుబ్బారావు పేపర్లు చూపించి చెప్తాను

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తిచేశారు, ఫెలోషిప్ వచ్చింది, పీహెచ్‌డీకి రెండు చోట్ల సీటు దొరికేలా ఉంది. మొదటి చోట ఒక సీనియర్ క్యాన్సర్ శాస్త్రవేత్త. పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఆయన పేరు కింద 14,000 సైటేషన్లు (అంటే ఆయన పేపర్లని వేరే పేపర్లు అన్నిసార్లు ఉదహరించాయని), హెచ్-ఇండెక్స్ 52 (దీని అర్థం కింద చెప్తాను) కనబడుతున్నాయి. "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో ఒకరు" అని వార్తాపత్రికలో ఫొటో కూడా పడింది. రెండో చోట ఒక మేడమ్. ఆవిడకి 1,900 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 22. ఇంట్లో అందరూ మొదటాయన దగ్గరికే వెళ్లమంటున్నారు. ఈ అంకెల్ని అసలు ఎలా చదవాలి అని అడిగారు.

ఎవరి దగ్గర చేరాలో నేను చెప్పలేను, వాళ్లిద్దరూ నాకు తెలియదు. కానీ పాతికేళ్లు క్యాన్సర్ బయాలజీ ల్యాబుల్లో పనిచేసి, తర్వాత సెలక్షన్ కమిటీల్లో కూర్చుని ఇలాంటి అంకెలు చాలా చూశాను. ఒక పేపర్‌ని ఎంతమంది వాడుకున్నారో సైటేషన్ల లెక్క చెబుతుంది. ఎందుకు వాడుకున్నారో చెప్పదు. ఆ 'ఎందుకు' తెలియాలంటే పేజీ పైనున్న మొత్తాన్ని వదిలేసి, కిందికి దిగి ఒక్కో పేపరూ చూడాలి. బతికున్నవాళ్లని ఉదాహరణగా తీసుకుంటే గొడవలొస్తాయి కాబట్టి మన భీమవరం మనిషినే తీసుకుంటాను. క్యాన్సర్ మందుల చరిత్రలో ఆయనంత పెద్ద తెలుగువాడు ఇంకొకరు లేరు. సైటేషన్ల లెక్క ఎంత తమాషాగా ఉంటుందో చూపడానికీ ఆయనకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదువుతున్నప్పుడు ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లారని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1922లో బోస్టన్ వెళ్లారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం. తర్వాత అక్కడే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

1925లో ఆ ఇద్దరి పేరుతో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ఒక పేపర్ వచ్చింది. రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు చూసి కొలిచే పద్ధతి అది. నమూనాలో ఉన్న ఫాస్ఫేట్ అమ్మోనియం మాలిబ్డేట్‌తో కలుస్తుంది. దానికి అమైనోనాఫ్థాల్ సల్ఫానిక్ ఆమ్లం కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. మీరు ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో 'ఫిస్కే సుబ్బారావ్ మెథడ్' అని చేసే ఉంటారు. కలరీమీటర్ ముందు నిలబడి ఆ రెండో పేరు ఎవరిదో ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఆలోచించలేదు. అది మనవాడి పేరని నాకు తెలిసింది పీహెచ్‌డీ మూడో ఏట.

ఆయన పేరుతో ఇప్పుడు ఒక గూగుల్ స్కాలర్ పేజీ తయారుచేస్తే అన్నిటికంటే పైన కూర్చునేది ఈ పేపరే. సైటేషన్ల లెక్కలకు ఆద్యుడు యూజీన్ గార్ఫీల్డ్ వేసిన 'అత్యధికంగా ఉదహరించిన పేపర్ల' జాబితాల్లో కూడా ఇది ఉండేది. కారణం చాలా మామూలుది. ఫాస్ఫేట్‌ని విడుదల చేసే ఎంజైమ్‌ల మీద ఎవరు పనిచేసినా, కొవ్వుల్లో ఫాస్ఫరస్ ఎవరు కొలిచినా, 'పద్ధతులు' అనే భాగంలో ఈ పేపర్‌ని పేర్కొనాల్సిందే. అందులో పొగడ్తేమీ లేదు. వంటకి ఉప్పు ఏ కొట్లో కొన్నామో చెప్పడం లాంటిది. క్యాన్సర్‌తో ఈ పేపర్‌కి నేరుగా సంబంధమే లేదు.

ఇది సుబ్బారావు గారి ఒక్కరి విషయమే కాదు. 2014లో 'నేచర్' పత్రిక అన్ని శాస్త్రాలూ కలిపి అత్యధిక సైటేషన్లున్న 100 పేపర్ల జాబితా వేసింది. మొదటిది 1951లో ఆలివర్ లౌరీ బృందం రాసిన ప్రోటీన్ కొలిచే పద్ధతి. అప్పటికే 3,05,000 దాటిన సైటేషన్లు. అదీ నీలం రంగు పరీక్షే! అదేమంత గొప్ప పేపర్ కాదని లౌరీ తనే ఒప్పుకున్నారు. ఆ వందలో ఎక్కువభాగం పద్ధతులూ సాఫ్ట్‌వేర్లే. వందో స్థానానికి రావడానికే 12,119 సైటేషన్లు కావాల్సి వచ్చింది. నోబెల్ వచ్చిన ఎన్నో ఆవిష్కరణలు ఆ దరిదాపుల్లో కూడా లేవు.

ఇక సుబ్బారావు గారి అసలు పని చూడండి. ఆ నీలం రంగు పద్ధతినే పనిముట్టుగా చేసుకుని ఆయన, ఫిస్కే కండరంలో ఫాస్ఫరస్ ఏ రూపంలో ఉందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ దొరికింది. 1929లో ఏటీపీ. ప్రాణులన్నీ శక్తిని ఖర్చుపెట్టే కరెన్సీ అది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా లోమన్ పేరే కనబడుతుంది. ఏటీపీ మీద ఈ రోజు వచ్చే పేపర్లలో 1929 నాటి పేపర్‌ని ఎవరు ఉదహరిస్తారు? ఎవరూ చెయ్యరు. అది అందరి సొత్తు అయిపోయింది. ఏటా ఆవకాయ పెడుతూ మొదట ఎవరు పెట్టారో చెప్పుకుంటామా? రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని గమనించి పేరు కూడా పెట్టారు. ఒక ఆవిష్కరణ జ్ఞానంలో పూర్తిగా కలిసిపోతే దాన్ని చేసినవాడి పేరు చెరిగిపోతుందని ఆయన అన్నారు. అంటే మరీ పెద్ద పనికి సైటేషన్లు కొంతకాలం పెరిగి, తర్వాత ఆగిపోతాయి. పనిముట్టు పేపర్‌కి ఆ బాధ లేదు.

హార్వర్డ్‌లో ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం దక్కలేదు. 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అప్పట్లో అదే విభాగంలో విద్యార్థి. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతిని ఫిస్కే అసూయతో బయటికి రానివ్వలేదని, అందుకే వాటిని తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని ఆయన తర్వాత చెప్పారు. మీకిది ఎందుకు చెబుతున్నానంటే, గైడ్ మీ పనిని అచ్చు కానివ్వకపోతే మీ పేరు మీద పడే సైటేషన్లు సున్నా. ఏ ప్రొఫైల్ పేజీలోనూ ఆ సంగతి కనబడదు.

1940లో ఆయన న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబ్స్ అనే మందుల కంపెనీకి వెళ్లారు. రెండేళ్లకే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. ఇక్కణ్ణుంచే మన కథకి క్యాన్సర్ తగులుతుంది. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని వేరుచేసి, తయారుచెయ్యడం నేర్చుకుంది. ఆ ఫోలిక్ యాసిడ్ స్ప్రూ అనే విరేచనాల జబ్బుకి మందు. సుబ్బారావు గారి సొంత అన్న పోయింది ఆ జబ్బుతోనే. 1945లో 'సైన్స్'లో వచ్చిన ఫోలిక్ యాసిడ్ పేపర్ చూడండి. పది పైచిలుకు పేర్లున్నాయి, మధ్యలో ఎక్కడో సుబ్బారావు పేరు. నేటి కమిటీ ఆ పేపర్‌ని చేతిలోకి తీసుకుంటే "ఫస్ట్ ఆథర్ కాదు, లాస్ట్ ఆథర్ కాదు" అని పక్కన పెడుతుంది, మన రంగంలో లెక్కలోకొచ్చేవి ఆ రెండు స్థానాలే కాబట్టి. ఆ బృందం మొత్తాన్నీ నడిపింది ఆయనే అని అందులో ఎక్కడా రాసి లేదు మరి.

బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి లెడర్లీ పంపిన ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గడానికి బదులు ముదిరినట్టు కనిపించింది. అయితే దానికి విరుగుడు ఇస్తే? కణం విభజన చెందాలంటే డీఎన్ఏ కావాలి, డీఎన్ఏ తయారీకి ఫోలేట్, అంటే ఈ ఫోలిక్ యాసిడే, కావాలి. ఫోలేట్‌లాగే కనబడుతూ ఆ పని జరగనివ్వని నకిలీ అణువు కావాలి. తాళంలో ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి అన్నమాట. లెడర్లీలో సుబ్బారావు కింద పనిచేసే రసాయన శాస్త్రవేత్తలు, ముఖ్యంగా డోరిస్ సీగర్ బృందం, ఫోలిక్ యాసిడ్‌లో ఒక హైడ్రాక్సిల్ స్థానంలో అమైనో గ్రూపు పెట్టి అమైనోప్టెరిన్ చేశారు. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకి మొదలుపెట్టారు. 1948 జూన్ 3న 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఫలితం వచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమేనని పేపర్ పేరులోనే రాసుకున్నారు. అయినా అప్పటిదాకా పిల్లల్లో వచ్చే ఆ తీవ్రమైన రక్త క్యాన్సర్‌ని మందుతో అలా వెనక్కి నెట్టినవాళ్లు లేరు. క్యాన్సర్ కీమోథెరపీ చరిత్ర చెప్పే ప్రతివాళ్లూ ఉదహరించే పేపర్ అది.

అందులో రచయితలు అయిదుగురు. సుబ్బారావు పేరు లేదు.

రెండు నెలలు తిరిగేసరికి ఆగస్టులో ఆయన చనిపోయారు. వయసు 53. అమైనోప్టెరిన్‌కి ఒక మిథైల్ గ్రూపు తగిలిస్తే వచ్చిందే మెథోట్రెక్సేట్. 1956లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దాంతో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ని తగ్గించి చూపించారు. గడ్డ మాయమైనా, ఆ క్యాన్సర్ విడుదల చేసే హార్మోన్ రక్తంలోంచి పూర్తిగా పోయేవరకు మందు ఆపకూడదని లీ పట్టుబట్టారు. మందు అనవసరంగా ఎక్కువ ఇస్తున్నారని ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1972లో అదే పనికి ఆయనకి వైద్య పరిశోధనకిచ్చే పెద్ద బహుమతి లాస్కర్ అవార్డు వచ్చింది. ఇప్పుడు మెథోట్రెక్సేట్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో కీళ్లవాతం ఉన్న అమ్మమ్మ "వారానికి ఒక్కసారే వేసుకోవాలి" అని జాగ్రత్తగా దాచుకునే మాత్ర కూడా అదే. మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి ఇచ్చే బోదకాలు మాత్ర డీఈసీ కూడా లెడర్లీలో ఆయన హయాంలో వచ్చిందే. ఆ మాత్ర మింగే ఏ ఒక్కరూ సైటేషన్ ఇవ్వరు కదా!

ఇంకో చిక్కు పేరుతో. ఆయన ఇంటిపేరు యల్లాప్రగడ. పేపర్ల మీద మాత్రం సుబ్బారావునే ఇంటిపేరుగా అచ్చేశారు. మధ్యలో R పెద్ద అక్షరంతో (SubbaRow) కొన్నిచోట్ల, అది లేకుండా కొన్నిచోట్ల, విడదీసి ఇంకొన్నిచోట్ల. డేటాబేస్ వీటిని వేర్వేరు మనుషులుగా లెక్కేస్తే ఒకడి కష్టం ముగ్గురికి పంచినట్టవుతుంది. మన తెలుగువాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ ఒకటా రెండా అని సర్టిఫికెట్‌కో రకంగా రాసుకుంటాం. మీరు మొదటి పేపర్ పంపే ముందే ఓఆర్‌సీఐడీ నంబర్ తీసుకోండి, పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య అది. 16 అంకెలు, డబ్బులక్కర్లేదు, పది నిమిషాల పని. పేరు ఒకే తీరులో రాయండి. అటువైపు ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎస్. రావు, కె. రెడ్డి లాంటి పేర్లయితే వేరేవాళ్ల పేపర్లు మీ గైడ్ ఖాతాలో చేరి ఉండొచ్చు. గూగుల్ స్కాలర్ తనంతట తనే కలిపేస్తుంది, సొంతదారు చూసి తీసెయ్యాలి. కొందరు తీసెయ్యరు.

సరే, ఇప్పుడు మీ 14,000 దగ్గరికి వద్దాం.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. 52 అంటే కనీసం 52 సైటేషన్ల చొప్పున ఉన్న పేపర్లు 52 ఉన్నాయని. భౌతికశాస్త్రంలో 12 ఉంటే అసోసియేట్ ప్రొఫెసర్‌కి, 18 ఉంటే ప్రొఫెసర్‌కి సరిపోవచ్చని ఆయన అంచనా. క్యాన్సర్‌లో ల్యాబులు ఎక్కువ, పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపర్ చివర ఉదహరించేవీ ఎక్కువ. అందుకని ఇక్కడి 52ని గణితం ప్రొఫెసర్ 52తో పోల్చకూడదు. హిర్ష్ చెప్పిన ఇంకో లెక్క మీకు పనికొస్తుంది. హెచ్‌ని హెచ్‌తోనే గుణించండి. మొత్తం సైటేషన్లు సాధారణంగా దానికి 3 నుంచి 5 రెట్లుంటాయి. 52ని 52తో గుణిస్తే 2,704. 14,000 దానికి 5 రెట్లు దాటింది. అంటే పైనున్న ఏవో కొన్ని పేపర్లు బరువంతా మోస్తున్నాయని అనుమానించవచ్చు. మేడమ్‌ది 22ని 22తో గుణిస్తే 484. 1,900 దానికి 4 రెట్లు కూడా లేదు. ఆవిడ సైటేషన్లు పేపర్లన్నిటి మీదా సమంగా పరుచుకుని ఉండొచ్చు. ఇది తీర్పేమీ కాదు, ఎక్కడ తవ్వాలో చెప్పే గుర్తు.

ఆ మోస్తున్న పేపర్లు ఏమిటో చూడండి. రివ్యూ (అంటే ఇతరులు చేసిన పనిని సమీక్షించే వ్యాసం) అయితే ఒక కథ. 2000లో డగ్లస్ హనహాన్, రాబర్ట్ వైన్‌బర్గ్ 'సెల్' పత్రికలో క్యాన్సర్ కణానికి ఉండే ఆరు లక్షణాల గురించి ఒక రివ్యూ రాశారు. 2011లో దాన్ని పెంచి మళ్లీ రాశారు. ఒక్కోదానికి పదుల వేల సైటేషన్లు. అదే వైన్‌బర్గ్ 1982 ప్రాంతంలో మనిషి కణితి నుంచి రాస్ అనే క్యాన్సర్ జన్యువుని పట్టుకున్న మూల పేపర్లకి అందులో చిన్న భాగమే వచ్చింది. నా సొంత లెక్కా అంతే. చెమటోడ్చి నాలుగేళ్లు చేసిన పని కంటే, లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని రాసిన రివ్యూకే నాకు ఎక్కువ సైటేషన్లు. చూసినప్పుడల్లా నవ్వాలో ఏడవాలో తెలియదు. రివ్యూ రాయడం తప్పు కాదు. కానీ పైనున్న పదిలో ఎనిమిది రివ్యూలే అయితే ఆ ల్యాబ్‌లో పిపెట్ పట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారో కనుక్కోవాలి.

గణాంకాల పేపర్ అయితే ఇంకో కథ. క్యాన్సర్ మీద ఏ పేపర్ తెరిచినా మొదటి వాక్యం ఒకటే: ఈ క్యాన్సర్ ఏటా ఇన్ని లక్షల మందికి వస్తోంది. ఆ వాక్యం పక్కన ఒక సైటేషన్ తప్పనిసరి. అది వెళ్లేది ప్రపంచ క్యాన్సర్ గణాంకాల పేపర్లకి. వాటిని అచ్చువేసే అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పత్రికకి 2020కి గాను ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 508.7 వచ్చింది. మంచి జర్నల్‌కి 10, 15 ఉంటే సంబరపడే లోకంలో 508! గత రెండేళ్లలో వేసిన పేపర్లకి ఈ ఏడు వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. తక్కువ పేపర్లు వేసి, అందులో ఒకటి అందరి మొదటి వాక్యంలోకీ వెళ్తే అంకె అలా లేస్తుంది. పద్ధతి పేపర్ సంగతి ఇందాక చెప్పాను. క్యాన్సర్ ల్యాబుల్లో దాని తమ్ముడు 1983 నాటి మోస్మన్ పేపర్. ఎంటీటీ అనే పసుపు రంగు రసాయనాన్ని బతికున్న కణాలు ఊదా రంగుకి మారుస్తాయి కదా, అదే.

ఇక పసుపు అన్నాక, పసుపు కొమ్ములో ఉండే కర్క్యుమిన్ గురించి చెప్పకుండా ఎలా? మన దేశంలో క్యాన్సర్ మీద పీహెచ్‌డీలు చేసేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ దారిలో నడుస్తారు. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో పనిచేసిన భరత్ అగర్వాల్ ఈ రంగంలో అత్యధిక సైటేషన్లున్నవాళ్లలో ఒకరు. పేపర్లలోని బొమ్మల మీద అనుమానాలు వచ్చాక ఆయనవి రెండు డజన్లకు పైగా పేపర్లను జర్నల్స్ వెనక్కి తీసుకున్నాయి. వెనక్కి తీసుకున్న పేపర్లని ఉదహరించడం మాత్రం ఆగలేదు. చదవకుండా ఉదహరించేవాళ్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కర్క్యుమిన్ సాహిత్యమంతా తిరగేశారు. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, గట్టి నియమాలతో చేసి నెగ్గిన ట్రయల్ ఒక్కటీ లేదని తేల్చారు. ఆ అణువు చాలా పరీక్షల్లో తప్పుడు పాజిటివ్ చూపించే రకమని కూడా. కూరలో పసుపు వేసుకోండి, దానికేం. మీ గైడ్ సైటేషన్లలో సగం ఇలాంటి 'ఫలానా మొక్క సారం క్యాన్సర్ కణాల్ని చంపింది' పేపర్లవే అయితే మాత్రం ఆలోచించుకోండి. గిన్నెలో ఉన్న క్యాన్సర్ కణాల్ని డెటాల్ కూడా చంపుతుంది.

పెద్ద జర్నల్ అన్నంత మాత్రాన భరోసా లేదు. 2012లో ఆమ్జెన్ కంపెనీ వాళ్లు క్యాన్సర్‌లో మైలురాళ్లనుకున్న 53 పేపర్ల ప్రయోగాల్ని మళ్లీ చేసి చూశామని రాశారు. ఆరింటికే అదే ఫలితం వచ్చింది. మిగతా 47 పేపర్ల సైటేషన్లూ ఎవరో ఒకరి మొత్తంలో కలిసే ఉన్నాయి.

టాప్ 2 శాతం జాబితా గురించి. ఏటా సెప్టెంబర్, అక్టోబర్ వచ్చేసరికి మన పేపర్ల జిల్లా ఎడిషన్లలో దండలు వేసిన ఫొటోలు వస్తాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇచ్చే అవార్డు కాదది. అక్కడి ప్రొఫెసర్ జాన్ ఇయోనిడిస్ బృందం స్కోపస్ అనే డేటాబేస్‌తో 2019 నుంచి వేస్తున్న పట్టిక. మొత్తం కెరీర్‌కి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి, రెండు జాబితాలుంటాయి. ఫొటో పడింది వాటిలో దేనికో వార్తలో చెప్పరు. నిజానికి ఆ పట్టిక తయారీ మంచిదే. ఫస్ట్ ఆథర్, లాస్ట్ ఆథర్ స్థానాలని లెక్కలోకి తీసుకుంటుంది, సొంత సైటేషన్లు (తన పేపర్లని తనే ఉదహరించుకున్నవి) తీసేస్తే ర్యాంకు ఎంతో విడిగా చూపిస్తుంది, ఈమధ్య వెనక్కి తీసుకున్న పేపర్ల సంఖ్య కూడా ఇస్తోంది. ఎక్సెల్ షీట్ ఉచితంగా దొరుకుతుంది. ఆయన పేరున్న వరస తెరిచి సొంత సైటేషన్ల శాతం ఎంతో చూడండి. ఫొటో కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఒకసారి ఒక సంస్థలో సెలక్షన్ కమిటీలో ఉన్నాను, పేరొద్దు. ఇద్దరు అభ్యర్థులు. ఒకరికి సైటేషన్లు మూడు రెట్లు ఎక్కువ. అందరం ఆయనకే మొగ్గాం, నేనూ అంతే. తర్వాత తీరిగ్గా చూస్తే ఆయన సైటేషన్లలో చాలా భాగం అరవై డెబ్బై మంది రచయితలున్న రెండు పెద్ద పేపర్లవి, అందులో ఆయన పేరు నలభయ్యో స్థానంలో ఎక్కడో ఉంది. రెండో అభ్యర్థి చేసిన పని ఇప్పుడు ఒక ఆస్పత్రిలో రొటీన్ పరీక్షగా వాడుతున్నారు. ఆ రోజు పది నిమిషాలు ఎక్కువ కూర్చుని ఉంటే అప్పుడే కనిపించేది. అప్పటినుంచి ఎవరి సీవీ వచ్చినా మొదటి పేజీ తిప్పేసి పేపర్ల పట్టిక దగ్గరే మొదలుపెడుతున్నాను.

మీరు చెయ్యాల్సింది ఇదీ, ఒక ఆదివారం పని. ఇద్దరివీ గత పదేళ్ల పేపర్లు తేదీ వరసలో పెట్టుకోండి. మన రంగంలో మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాళ్లది. గైడ్ చివర ఉన్న మూల పేపర్లు మాత్రమే తీసుకుని, వాటిలో మొదటి పేర్లు ఎవరివో రాసుకోండి. ఆ పేర్లు విద్యార్థులవేనా? ప్రతి విద్యార్థికీ కనీసం ఒకటి ఉందా, లేక పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే ఒకే పోస్ట్‌డాక్ పేరు పదిసార్లు వస్తోందా? చేరి ఆరేడేళ్లయినా ఒక్క పేపర్లోనూ పేరు మొదట లేనివాళ్లెవరు? వాళ్లలో ఒకరికి ఫోన్ చెయ్యండి, మెసేజ్ వద్దు. ఫోన్లో మాట ఎక్కడ తడబడుతుందో వినిపిస్తుంది. అచ్చయిన పేపర్ల మీద కామెంట్లు పెట్టే పబ్‌పీర్ సైట్లో ఇద్దరి పేర్లూ వెతకండి. ఒకటీ అరా కామెంట్ ఉంటే కంగారు పడొద్దు, దానికి ల్యాబ్ ఎలా జవాబిచ్చిందో చదవండి. మేడమ్ ల్యాబ్ వయసెంతో చూడండి. పాత పేపర్లకి సైటేషన్లు ఏటేటా పోగవుతూనే ఉంటాయి కాబట్టి, ఎనిమిదేళ్ల ల్యాబ్‌కి 1,900 అంటే, ముప్ఫై ఏళ్ల ల్యాబ్‌కి 14,000 కంటే తక్కువేమీ కాదు.

ఇంట్లోవాళ్లకి అంకెలే కావాలంటే వాళ్లకి అర్థమయ్యే అంకె ఒకటుంది. ఇద్దరి దగ్గరా ఇంతవరకు ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు. ఇంటర్వ్యూ రోజు ల్యాబ్ చూపించమని అడిగి, గైడ్ పక్కన లేనప్పుడు బెంచ్ దగ్గరున్న సీనియర్‌ని "మీ పేపర్లో మొదటి పేరు ఎవరిది పెట్టాలో ఎప్పుడు తేలింది అక్కా?" అని అడగండి. పని మొదలుపెట్టేముందే అంటే మంచిదే. ఆవిడ నవ్వి మాట మారిస్తే, ఆ రాత్రి ఇంకో చోటికి మెయిల్ రాయండి.